చిలక నోట నా మాట

ఇన్నేళ్ళుగా నా గొంతులో ఒక చనిపోయిన మనిషిని మోస్తున్నాను. ఇది నేను అలవాటుగా కోసే కోత కాదు. మీకు చెబుదామని కూర్చోగానే పెన్ను పరుగులు పెడుతోంది. భయం అనుకునేరు. కాదు, హుషారు. తప్పు చెప్పుకునేవాడికి ఇంత హుషారేమిటి? నాకూ తెలియదు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేను, అంతవరకూ తెలుసు.

ఎనభైల చివర్లో సంగతి. కద్మాలో మా ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్ల వరసలో నా మాట నమ్మే మనిషి లేడు. దల్మా కొండ దిగొచ్చిన ఏనుగు తోక పట్టుకుని ఖర్కాయ్ నది దాటానని చెబితే, నేను సగం నది దాటేలోపే అందరూ లేచి వెళ్ళిపోయేవారు. పక్క క్వార్టర్ సావిత్రి వదిన ఒక్కతే అవతలి ఒడ్డు దాకా వచ్చేది. కూర తరుగుతూ, "ఇంకా కొయ్యి మరిదీ, కత్తికి పదునింకా ఉంది" అని నవ్వేది. అబద్ధమని తెలిసి, తెలిసే ఆనందించే మనిషి. అలాంటి మనిషి ఒక్కరు దొరికితే నాలాంటివాడికి ఇంకేం కావాలి?

ఆవిడ భర్త గురువులన్నయ్య కామెర్లతో పోయాడు. ఆయన పెంచిన చిలక మిఠ్ఠూ మిగిలింది. డ్యూటీ సైరన్ మోగితే చాలు, పంజరంలోంచి అచ్చం ఆయన గొంతుతో, "సావిత్రీ, డబ్బా ఎట్టీసినావా" అని డ్యూటీకి పట్టుకెళ్ళే అన్నం డబ్బా సంగతి అడిగేది. ఆయన పోయాక కూడా అడిగేది. వదిన పొయ్యి దగ్గర నుంచే "ఎట్టీసినాను" అని జవాబిచ్చేది. ఆ ఇంట్లో ఆ రెండు మాటలూ ఆగలేదు.

నేను ఒకసారి కలకత్తా వెళ్ళినప్పుడు బంధువుల ఇంటి పక్కన ఒకావిడ రేకీ అనే జపాన్ చేతివైద్యం చేస్తుంటే చూశాను. ఎవరిదో ముసలి పిల్లి, ప్రాణం పోయే స్థితిలో ఉంది. ఆవిడ దాని మీద రెండు చేతులూ ఆనించి ఊరికే కూర్చుంది. పిల్లి మూలగడం మానేసింది. పిల్లిని తెచ్చిన ముసలాయన నెమ్మదిగా ఏడ్చి, నెమ్మదిగా తేరుకున్నాడు. నేను చూసింది అంతే. కద్మాలో దిగేసరికి అది వేరే కథ అయింది. జపాన్ గురువు నాకు స్వయంగా నేర్పాడు. నా చెయ్యి పడితే పోయే ప్రాణి నోట పోయినవాళ్ళు పలుకుతారు. వదిన ఆ కథకు కూడా నవ్వింది.

మిఠ్ఠూ జబ్బు పడ్డాక నవ్వలేదు. అది శనగలు ముట్టలేదు, సైరన్‌కి పలకలేదు. ఆ మర్నాడే ఊరి నుంచి ఆవిడ తమ్ముడు వస్తున్నాడు, తనతో తీసుకుపోవడానికి. అన్నయ్య పోయాడు కనక కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. గిన్నెలన్నీ గోనెసంచుల్లో కట్టేసి ఉన్నాయి. మధ్యాహ్నం నన్ను పిలిచి, చిలకను పాత తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"మరిదీ, నువ్వు కోత్తావని నాకు తెలుసు. అందులో పిసరంతైనా నిజముంటే సెయ్యెట్టు. ఈడికి నొప్పి తెలీకుండా పోతే సాలు."

కళ్ళు మూసుకోమన్నాను. చేతులు ఆనించాను. నిజం చెబుతున్నాను, ఏదో కుదురు వచ్చింది. ఆ చిన్న గుండె నా అరచేతి కింద టకటకలాడి, నెమ్మదించింది. వదిన ఊపిరి కూడా నెమ్మదించింది. చేతులు పెట్టడం, నోరు మూసుకోవడం, ఆ విద్య అంతే. మొదటి సగం నాకు వచ్చేసింది.

అప్పుడు రెండు గంటల డ్యూటీ సైరన్ మోగింది.

వదిన పెదాలు కదిలాయి. జవాబు సిద్ధంగా ఉంది, అడిగేవాళ్ళు లేరు. ఆ ముఖం చూసి నా గొంతు దానంతటదే లేచింది. ఎన్నేళ్ళు విన్న గొంతు, అది నాకెంత పని?

"సావిత్రీ, డబ్బా ఎట్టీసినావా."

"ఎట్టీసినానయ్యా."

ఇక్కడ ఆగి ఉంటే మీకిది రాసే పనే లేదు. ఆ ఒక్క మాటకు ఈరోజుకీ నేను పశ్చాత్తాపపడను. కానీ ఒళ్ళంతా జివ్వుమంది. జీవితంలో మొదటిసారి నా అబద్ధాన్ని ఒకరు పూర్తిగా నమ్మారు. ఆ మత్తు మీకెలా చెప్పను? ఈలోగా ఆవిడ కళ్ళు తెరవకుండానే అడిగింది.

"రేపు తమ్ముడొత్తన్నాడు. ఎల్లిపోమంటావా? ఏటి సెయ్మంటావు?"

"ఉండు" అన్నాను. "ఎక్కడికీ ఎల్లకు."

ఎందుకన్నాను? ఆవిడ మంచికా? మీ దగ్గర దాచి ఏం లాభం. ఆవిడ వెళ్ళిపోతే నా కథలు ఎవరు వింటారని అన్నాను. చిలక కాసేపటికి, నొప్పి లేకుండానే పోయింది.

మర్నాడు వచ్చేసరికి తమ్ముడికి విప్పేసిన సంచులు కనిపించాయి. "సిలక సెప్పిందని ఆగిపోతావేటే అక్కా" అన్నాడు. "సిలక కాదురా, మీ బావ" అంది వదిన. అతను అక్కకోసం గది కట్టించి, సున్నం వేయించి వచ్చాడు. తలుపు దగ్గరే వెనక్కి తిరిగాడు. మళ్ళీ రాలేదు, ఉత్తరం రాయలేదు. నేను గోడవారన నిలబడి అంతా విన్నాను. నోరు తెరవాల్సిన ఆ ఒక్కసారే మూసుకున్నాను.

వదిన క్వార్టర్ వదిలి, అదే ఊళ్ళో సిద్ధగోరాలో ఒంటి గదిలోకి మారింది. ఇళ్ళల్లో పిండి రుబ్బింది, అప్పడాలు ఒత్తింది. ఆ గదికి కిటికీ కూడా లేదు. వెళ్తే నాకు స్టూలు వేసి, తను నేల మీద కూర్చుంటుంది. చేతులు జోడిస్తుంది. ఏనుగు కథ చెప్పి చూశాను. నవ్వలేదు. "నీ సేతుల్లో అంత శక్తుంటే ఏనుగెంత మరిదీ" అంది. ఎవరి కోసం ఆ అబద్ధం ఆడానో, ఆ శ్రోత ఆ మధ్యాహ్నమే పోయింది. చిలకతో పాటే.

నా చేతి మహిమను ఆవిడే ప్రచారం చేసింది. చావుకు దగ్గరైన కుక్కల్ని, ఒకసారి ముసలి ఆవును కూడా చూపించారు. చెయ్యి పెడతాను. పక్కన కూర్చున్నవాళ్ళు ఏడుస్తారు, తేరుకుంటారు. ఒక్క మాట మాట్లాడను. నేను పెద్ద యోగినని వాళ్ళ నమ్మకం. మాట్లాడితే ఎవరి గొంతు వస్తుందోనని నా భయం.

ఇదంతా ఆవిడకు చెబితే? ఆయన ఉండమన్న మాట మీదే ఆవిడ నిలబడి ఉంది. అది లాగేస్తే నా గుండె తేలికవుతుంది, ఆవిడకేం మిగులుతుంది? లేక ఇది కూడా నా పిరికితనానికి నేను చెప్పుకునే ఇంకో కథేనా? తేల్చుకోలేకపోయాను. క్షమించాల్సింది ఆవిడ. మీరు కాదు. మీరు విన్నారు, అది చాలు.

సైరన్ మోగితే ఆయన డబ్బా మాట నా నాలుక మీదకు వచ్చేసేది. ఎన్నేళ్ళు పళ్ళు బిగించి ఆపానో. ఇప్పుడే, ఇది రాస్తుండగానే మోగింది. పెన్ను ఆపి, చెవులు రిక్కించి, చిన్నపిల్లాడిలా ఆ గొంతు కోసం ఎదురుచూశాను.

నా గొంతులో ఎవరూ లేరు.