వేరు పెట్టిన ప్లేట్లు

ఎంగిలి చూసి మనిషి ఎలాంటివాడో చెప్పేది నల్లమ్మ. నిరుడు చలికాలంలో పోయింది. పోయేనాటికి ఆమె వేళ్ల సందులు ఇంకా తెల్లగా ఒరిసిపోయే ఉన్నాయి. ఉరవకొండ పాత బస్టాండు పక్కన గురప్ప హోటల్లో పద్నాలుగేళ్లు ప్లేట్లు కడిగిన చేతులవి.

ముందు వైపు జనం బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిని, టీ తాగి, రాజకీయాలు మాట్లాడి పోయేవాళ్లు. వెనక రేకుల కింద తొట్టి ముందు కూర్చున్న నల్లమ్మకు మిగతాది వచ్చేది. నమిలి ఉమ్మిన బజ్జి తొడిమలు. గుట్కా రసం ఊసిన టీ గ్లాసులు. ప్లేటులోనే చేయి కడిగి, ఆ పసుపు నీళ్లలోనే ముక్కు చీదిన ప్లేట్లు. అది ఇస్త్రీ చొక్కావాడు వదిలినదో, హమాలీ వదిలినదో ఆమెకు ముఖం చూడకుండానే తెలిసేది. ఎక్కువసార్లు ఇస్త్రీ చొక్కావాడిదే.

"పెండ్లాం చేతికి ఇయ్యలేని తట్ట నా చేతికిస్తారు ఈ నా కొడుకులు" అని తిడుతూనే తోమేది.

బజ్జీలు వేసే గురప్ప భార్య లక్ష్మీదేవి పొయ్యి దగ్గరి నుంచి నవ్వేది. "నీకు తిట్టేదానికి గూడా జీతమిస్తాండామా నల్లమ్మా?"

"తిట్టేది ఊరికేనే చేస్తాండాలే. కడిగేదానికే జీతం."

మంచిదని ఎవరూ ఆమెను అనలేదు. నోరు చెడ్డది. భర్త బోరు బండి మీద కూలికి పోయి పరాయి రాష్ట్రంలో జబ్బు చేసి చనిపోయాడు. ఒక్కతే కూతురు ఈశ్వరి, బళ్లారిలో కాపురం. శెనక్కాయలు ఒలిచే పని మిషన్లు మింగేశాక, అరవైకి దగ్గరపడిన ఆడదానికి ఉరవకొండలో మిగిలింది ఆ తొట్టి ఒక్కటే. అది పోతే లేదు. ఆ సంగతి గురప్పకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

ఆ హోటల్‌కు రోజూ పొద్దున ఏడున్నరకు ఇద్దరు వచ్చేవాళ్లు. గిరి మోటార్లకు వైండింగ్ చేసే మెకానిక్కు. అభిలాష్ ఫోటో స్టూడియోలో పెళ్లి ఆల్బంలు చేసేవాడు. ఇద్దరికీ ముప్పై లోపే. హోటల్ వెనక సందులో ఒకే గదిలో రెండేళ్లుగా ఉంటున్నారు. తిన్నాక ప్లేట్లు బల్ల మీద వదిలేయకుండా, మిగిలింది బకెట్లో దులిపి, తొట్టి దాకా తెచ్చి పెట్టేవాళ్లు.

"అవ్వా, ఈడ పెడ్తాండా" అనేవాడు అభిలాష్.

అంత జనంలో ఆ మాట అనేవాళ్లు ఆ ఇద్దరే. నల్లమ్మ వాళ్లను మెచ్చుకోలేదు. తిట్టలేదు, అంతే. ఆమె లెక్కలో అదే పెద్ద మర్యాద.

ఆ ఏడు వానలకు పెన్నకు నీళ్లొచ్చాయి. ఎన్నో ఏళ్ల తర్వాత ఏరు పారుతోందని జిల్లా అంతా పామిడి వంతెన మీదికి ఎగబడింది. వీళ్లూ పోయారు. నీళ్లను చూస్తూ గిరి అభిలాష్ భుజం మీద తల పెట్టాడు. అభిలాష్ అతని చెంప నిమిరాడు. ఎవడో వెనక నుంచి ఫోన్లో తీశాడు. రెండు రోజుల్లో ఉరవకొండలో ఆ వీడియో చూడనివాడు లేడు. పారే పెన్నను చూడడానికి పోయినవాళ్లు కూడా దాన్నే చూశారు.

మరుసటి పొద్దున గురప్ప రెండు ప్లేట్లు, రెండు గ్లాసులు పట్టుకుని తొట్టి దగ్గరికి వచ్చాడు. ఆ వాసన పడదని ఎన్నడూ అటు రానివాడు. స్టీలు సామాను అంగడిలో పాత్రల మీద పేర్లు కొట్టే మిషన్ ఉంటుంది కదా, దానితో వాటి అడుగున ఇంటూ గుర్తు కొట్టించాడు.

"ఇవి వాళ్లిద్దరికి. వేరే తోము, వేరే కడుగు, ఆ గూట్లో పెట్టు. వాళ్లొస్తే 'లోపలివి' అని అరుస్తా. ఇవే తీసియ్యి."

"ఎందుకప్పా? వాళ్లకేమన్నా అంటురోగమా?"

"ఊరంతా ఏమంటాండారో ఇన్లేదా? ప్రణీతన్న నిన్ననే అడిగినాడు, వాళ్లు తిన్న తట్టలో నాకు పెడ్తాండావా గురప్పా అని. యాపారం చేసుకునేటోన్ని నేను. రావద్దని మొగం మీద చెప్పలేను. ఇదైతే ఎవురికీ తెల్దు."

గుర్తు పెట్టిన ప్లేట్లు చేతిలోకి తీసుకుని నల్లమ్మ అడుగు చూసింది. పసితనంలో వాళ్ల పల్లెలో టీ అంగడి బయట గోడకు ఇట్లాంటి గూడే ఉండేది. అందులో వాళ్ల వాడవాళ్ల కోసం రెండు గాజు గ్లాసులు. ఒకనాడు నాయన దాంట్లోంచి బల్లి రెట్టను వేలితో గీకి పారేసి, పంచెకు తుడిచి, టీ పోయించుకుని తాగాడు. తాగి, తనే కడిగి, మళ్లీ గూట్లో పెట్టి, అంగడివాణ్ని చూసి నవ్వాడు. రెట్టను మరిచిపోయింది నల్లమ్మ. ఆ నవ్వును మరువలేదు. దాన్ని తలచుకున్నప్పుడల్లా నోట్లో నీళ్లూరేవి, వాంతికి ముందు ఊరే నీళ్లు.

"సరేలే" అంది గురప్పతో.

గురప్ప వెళ్లగానే ఆ రెండు ప్లేట్లనూ, రెండు గ్లాసులనూ మిగతావాటితో కలిపి ఒకే నీళ్లలో ముంచింది. దొంతరలో ఎక్కడ పడితే అక్కడ పెట్టింది. గూట్లో వేరే రెండు ప్లేట్లు పెట్టింది, చూసేవాడికి ఖాళీగా కనబడకుండా. ఆ తర్వాత గురప్ప "లోపలివి" అని అరిచినప్పుడల్లా చేతికి అందినవి ఇచ్చింది. కౌంటర్ మీద కూర్చున్నవాడు ప్లేటు బోర్లించి చూడడు. అట్లా మూడు వారాలు గడిచాయి.

ఆ మూడు వారాలూ ముందు వైపు మాటలు మాత్రం రేకుల కిందికి వినబడుతూనే ఉండేవి.

"ఏమప్పా గిరీ, మీలో మొగుడెవురు?"

"పురుడు ఎప్పుడబ్బీ?"

ఇరవై మంది నోట్లో ముద్ద పెట్టుకునే నవ్వేవాళ్లు. నవ్వనివాళ్లు పేపరు చూసేవాళ్లు. తర్వాత ఆ ముద్దల తాలూకు తుంపరలన్నీ నల్లమ్మ దగ్గరికే వచ్చేవి. గిరి ఏదో అనబోతే అభిలాష్ బల్ల కింద అతని మోకాలు నొక్కడం ఆమె రేకు సందులోంచి చూసేది.

ఒక ఆదివారం పొద్దున సంతకు వచ్చిన జనంతో హోటల్ కిక్కిరిసింది. ప్రణీత్ నలుగురితో వచ్చి నడిమి బల్ల దగ్గర కూర్చున్నాడు. నూరెకరాల ఇంటివాడు, మండలంలో ఏ పార్టీ జెండా ఎగిరినా కింద అతని ఫోటో ఉంటుంది. వీళ్లిద్దరూ మూలన తింటున్నారు.

"గురప్పా, ఈళ్లకింకా తిండి పెడ్తాండావా?" అన్నాడు ప్రణీత్, అందరికీ వినబడేటట్టు. "సంసారులొచ్చే జాగా ఇది. రేయ్, లేసి బయటికి పోండ్రా. తినాలంటే ఆ కాలవ దగ్గర కూచోని తినండి."

గిరి లేవలేదు. "దుడ్లిచ్చే తింటాండామన్నా."

"నీ దుడ్లెవురికి కావల్ల?" ప్రణీత్ నోట్లోని బజ్జిని తన ప్లేటులోకే ఉమ్మాడు. "థూ! మిమ్మల్ని జూస్తే తిన్నది బయటికొస్తాది." ఫోన్ తీసి వాళ్ల వైపు పట్టాడు. "ఊ, ఆ పొద్దు మాదిరి ఆనుకోండ్రా, జూస్తాం."

గురప్ప కౌంటర్ దిగి పరుగున వచ్చాడు. "అన్నా, కోపం చేసుకోవద్దు. వాళ్ల తట్టలకు అడుగున ఇంటూ మార్కు కొట్టించి వేరేనే పెట్టినా. మీ తట్టల్లో కలవవు. మూడు వారాలైంది. కావాలంటే నల్లమ్మనడుగు!"

అభిలాష్ తింటున్న చేయి ఆగింది. తన ప్లేటును చూసుకున్నాడు. గిరినీ చూశాడు. తర్వాత, పళ్లు బయటపడకుండా, చిన్నగా నవ్వాడు. తప్పు తనదే అన్నట్టు నవ్వు.

రేకుల కింది నుంచి నల్లమ్మ లేచి వచ్చింది. మోచేతుల దాకా నురుగు.

"వేరే లేదు, ఏం లేదు" అంది. "అన్నీ కలిపే కడుగుతాండా. ఒగటే తొట్టి, ఒగటే పీచు. మూడు వారాల నుంచి వాళ్లు తిన్న దాంట్లోనే నువ్వూ తింటాండావు ప్రణీతప్పా. ఎవురికీ ఏం కాలేదు. నీకేమో బలిసినట్లుండాది."

ఆ తర్వాత జరిగింది మనుషులు చేసే పని కాదు. ఒకడు తన ప్లేటును పైకెత్తి అడుగు చూశాడు. పక్కవాడూ ఎత్తాడు. అందరూ ఎత్తారు. ఉగ్గాని నేల మీదికీ, ఒళ్లోకీ రాలింది. చట్నీ కారి పంచెల మీద పడింది. గుర్తున్నవి రెండే ప్లేట్లు, రెండే గ్లాసులు. వెతికింది మాత్రం ఇరవై మంది. ప్రణీత్ వెంట వచ్చిన ఒకడు బయటికి పరుగెత్తి గొంతులో వేలు పెట్టుకున్నాడు. కింద రాలిన బొరుగులను చెప్పులు తొక్కి నలిపేశాయి. కరువు సీమలో పుట్టి, తిండి విలువ తెలిసినవాళ్లే అందరూ.

గోడవార కూర్చున్న శివప్ప మాత్రం, సంతకు గొర్రెలు తోలుకొచ్చిన ముసలివాడు, తన ప్లేటు నిదానంగా తల మీదికి ఎత్తి అడుగు చూసి, "ఈడుండాది సామీ, ఇంటూ మార్కు" అన్నాడు. దించి, మిగిలిన బజ్జి కొరుక్కుంటూ లేచి మూల బల్లకు పోయి గిరి పక్కన కూర్చున్నాడు. "జరుగబ్బీ. గొర్రెలు దినాము ఒగే తొట్లో తాగుతాయి. ఎప్పుడూ కొట్లాడుకోలే."

పార్సెల్ కోసం నిలబడిన టీచరమ్మ పద్మప్రియ అప్పటిదాకా గడియారం చూసుకుంటూ ఉంది. ఆమె వచ్చి ప్రణీత్ ఫోన్‌కూ ఆ బల్లకూ నడుమ నిలబడింది. "ఫోన్ దించండి. ఇంక తీయాలంటే నన్ను తీయండి. మీ పాప నా క్లాసులోనే ఉంది. దానిక్కూడా చూపించండి, నాయన ఏం చేస్తున్నాడో."

ఇంకెవరూ లేవలేదు. ఒకరిద్దరు తలలు దించుకున్నారు, అంతే. ప్రణీత్ ఫోన్ జేబులో పెట్టుకుని గురప్ప వైపు తిరిగాడు.

"ముసిల్ది చెప్పేది నిజమేనా? నిజమైతే రేపట్నుంచి నీ హోటల్లోకి కుక్క గూడా రాదు."

గురప్ప చేతులు జోడించాడు. "అబద్ధమన్నా! దానికి మతి లేదు. నల్లమ్మా, చెప్పు. ఊరికే అన్నానని చెప్పు. ఒగ్గ మాట. చెప్పితివా పనిలో ఉంటావు. లేదంటే ఈ పొద్దుకే ఆకరు."

పొయ్యి దగ్గర లక్ష్మీదేవి చెయ్యి ఊపింది, చెప్పేయమన్నట్టు.

ఆ నిమిషంలో నల్లమ్మకు ఇంటి బాడుగ గుర్తొచ్చింది, బియ్యం గుర్తొచ్చాయి, కీళ్లు గుర్తొచ్చాయి. చెబితే ఏం పోతుంది? అందరికీ అది అబద్ధమని తెలిసే ఉంటుంది. అందరికీ అదే కావాలి.

అభిలాష్ లేచి నిలబడ్డాడు. "చెప్పేయ్ అవ్వా. మాకోసరం నీ పని పోగొట్టుకోవద్దు. మేం పోతాంలే."

ఆ మాటకు ఆమె ఒళ్లు మండింది. దెబ్బ తిన్నవాడే ఊరికి సర్ది చెప్పాల్సి రావడం ఆ పొద్దున ఆమె చూసినవాటన్నిటికంటే రోతగా ఉంది.

"కూచో నాయనా. తిని పో" అంది. ప్రణీత్ ఉమ్మిన ప్లేటు తీసి సరిగ్గా అతని ముందుకు జరిపింది. "గురప్పా, పద్నాలుగేండ్లు మీ ఎంగిలంతా కడిగినా. ఉమ్మి కడిగినా, చీమిడి కడిగినా. వాంతి గూడా ఎత్తిపోసినా. నా చెయ్యి ఎప్పుడూ ఎనిక్కిపోలే. ఈ మాట మాత్రం నా నోట్లోకి రాదు. కలిపే కడిగినా. రేపు పనిలో పెట్టుకున్నా కలిపే కడుగుతా."

పెట్టుకోలేదు. నాలుగు రోజులు హోటల్ ఈగలు తోలుకుంది. గురప్ప కొత్త ప్లేట్లు కొని, పాతవి తూకానికి అమ్మి, కొత్తవని బోర్డు రాయించాడు. ఐదో రోజు ప్రణీత్ అదే నడిమి బల్ల దగ్గర కూర్చుని బజ్జి తిన్నాడు. ఆ పొద్దున తల దించుకున్నవాళ్లు కూడా వచ్చారు. గిరి, అభిలాష్ మళ్లీ అక్కడికి రాలేదు. గది ఖాళీ చేయలేదు కూడా. ఇంట్లోనే వండుకున్నారు. నల్లమ్మ పెళ్లిళ్ల సీజన్లో ఫంక్షన్ హాళ్లలో గుండిగలు తోమింది, సీజన్ లేనప్పుడు ఒక పూటే తింది.

పని పోయిన వారానికి ఈశ్వరి బళ్లారి నుంచి ఫోన్ చేసి ఏడ్చింది.

"ఒగ్గ మాట గదమ్మా! చెప్పింటే ఏమైతాండె? వాళ్లేమన్నా మనోళ్లా?"

"కాదు."

"నాకు తల్సుకుంటేనే ఒగ మాదిరి ఉంటాది, ఇద్దరు మొగోళ్లు..."

"నాకూ మొదట్లో ఉండె" అంది నల్లమ్మ. కూతురి దగ్గరా అబద్ధం ఆడలేదు.

ఈశ్వరి ముక్కు తుడుచుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత అడిగింది. "ఎట్లుంటారమ్మా వాళ్లు? ఇద్దరే ఉన్నెప్పుడు?"

రేకు సందులోంచి నల్లమ్మ వాళ్లను రెండేళ్లు చూసింది.

"ఎట్లుంటారు? ఆ గిరిగానికి కారం పడదు. అభిలాష్ బజ్జి చీల్చి, మిరపకాయ తీసి తను తిని, ఉత్త పిండి వానికి పెడ్తాడు. దినాము అంతే. మీ నాయన ఒగ్గనాడన్నా నాకు అట్ల పెట్టినాడా?"