మూడో పేరు

కొత్త చీర మడత విప్పగానే గంజి వాసన వచ్చింది. చెయ్యి దానంతటదే తిరగబడింది. వేళ్లతో కాకుండా చెయ్యి వెనుక వైపుతో బట్టను తడిమాను. కరీంనగర్‌లో ఆ బట్టల దుకాణంవాడు వింతగా చూశాడు. ఆ అలవాటు నాది కాదు, అక్కది. అక్కను నేను కలిసింది ఒక్కసారే. ఆమె పేరు, ఊరు చెప్పను. పట్టిచ్చే వివరాలు కొన్ని మార్చాను కూడా. ఒకసారి చెప్పి చేసిన నిర్వాకం చాలు.

అప్పట్లో ఆదిలాబాద్‌లో ఒక మందుల దుకాణంలో పనిచేసేదాన్ని. లోకానికి మాత్రం నేను మగపిల్లాడినే, అందరూ పిలిచే ‘తమ్మి’నే. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో ఫోన్‌లో కథల సైట్లు తిరగేసేదాన్ని. మగపిల్లాడిగా పుట్టి ఆడదానిగా బతకాలనుకునే నాలాంటి వాళ్ల కథలు చాలావరకు ఏడిపించేవి, లేదంటే నవ్వులపాలు చేసేవి. ఒక సైట్‌లో ఒకామె రాసిన కథల్లో మాత్రం వాళ్లు వంకాయలు బేరమాడేవాళ్లు, బస్సు తప్పిపోతే తిట్టుకునేవాళ్లు. ఇంకో సైట్‌లో ఇంకో పేరుతో అలాంటివే దొరికాయి. రెండు చోట్లా రాతలో ఒకే చిన్న గుర్తు. పట్టేశానని ఆమెకు మెసేజ్ పెట్టాను. ‘మందుల దుకాణపోళ్లకు డాక్టర్ల రాతే అర్థమైతది, నా రాత ఎంత, చెల్లె’ అని జవాబు వచ్చింది. నన్ను చెల్లె అన్న మొదటి మనిషి ఆమె. ఆ పూట దగ్గు మందు అడిగినాయనకు తలనొప్పి మాత్రలు ఇవ్వబోయాను.

కరీంనగర్ బస్టాండ్‌లో కలిశాం. బట్టల మూటతో, చొక్కా ప్యాంటులో వచ్చింది. సంతోషం పట్టలేక ‘అక్కా’ అన్నాను. ‘జర మెల్లగ, చెల్లె. ఈడ నేను అన్ననే’ అని నవ్వింది. ఇంట్లో రెండు మరమగ్గాలు, తల్లి, తమ్ముడు ఉన్నారని చెప్పింది. మూట విప్పి, నా చెయ్యి తిరగేసి బట్ట మీద పెట్టింది. ‘వేళ్లు మొద్దుబారితయ్, వాటికేం తెలువది. నేత మంచిదా కాదా ఎనుక తోలుకే తెలుస్తది.’ నువ్వూ రాయి, ముందు నాకు చూపెట్టు అంది. నా మొదటి మూడు కథలు ఆమె దిద్దినవే.

కొన్ని నెలలకు మరో సైట్‌లో మూడో పేరు దొరికింది. మగ్గాల మీద, తల్లుల మీద ముచ్చటైన కథలు. ఎవరూ వంకలు, పేర్లు పెట్టడానికేమీ లేని కథలకు ఆమె ఇంకో పేరు పెట్టుకుంది. గుర్తు అదే. నాకు చెప్పలేదేమని చిన్న కోపం వచ్చింది. నేనే కనిపెట్టానన్న గర్వం దానికన్నా పెద్దది. ముందు ఆమెను అడగాల్సింది. అడగలేదు. అక్కా, నీ అసలు కథలు ఇవి కావు, ఆ రెండు చోట్ల ఆడదానివై రాసినవే నన్ను బతికించాయి అని అక్కడే, అందరికీ కనిపించేలా కామెంటు పెట్టాను. లింకులు కూడా ఇచ్చాను. అభిమానం అన్నాక కొసరు ఉండాలి కదా.

మర్నాడు ఫోన్ చేసింది. ఇంటివాళ్లకు తెలిసిన పేరు ఆ మూడోది ఒక్కటేనట. చదువురాని తల్లికి తమ్ముడు ప్రతి కథనూ, కింద జనం రాసిన మెచ్చుకోళ్లతో సహా చదివి వినిపిస్తాడట.

‘నువ్వు రాసింది గూడ సదివిండు. అవ్వ పక్కన కూసోని మగ్గానికి నూలు కండెలు సుడుతుండె.’

‘ఏమన్నది?’

‘ఏమనలే. సుట్టుడు ఆపింది.’

‘అన్నీ తీసేస్తున్న, చెల్లె’ అంది. తిట్టినా బాగుండేది. అప్పుడు కూడా చెల్లె అనడం మానలేదు; ఇప్పటికీ నన్ను తలెత్తనివ్వనిది అదే. సాయంత్రానికి మూడు పేర్ల కిందా ఒక్క కథ మిగల్లేదు. ఆ నంబరు మళ్లీ పలకలేదు.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో నా పేరుతో, నా చీరల్లో ఉంటున్నాను. పోయిన నెల వేరే సైట్‌లో ఒక కొత్త పేరు కనిపించింది. రెండు పేరాలు చదివేసరికి ఆ గుర్తు. అదేమిటో మీకు కూడా చెప్పను. కథలో ఒక ముసలి తల్లి కూతురి మగ్గానికి కండెలు చుట్టి ఇస్తోంది. అది నిజంగా జరిగిందో, అక్క కోరుకున్నదో తెలియదు. అడుగుదామని వేళ్లు అక్షరాల మీదికి పోయాయి. ఫోన్ బోర్లించి, చెయ్యి తిరగేసి, దాని వెచ్చని వీపు మీద ఆనించి కూర్చున్నాను.