నాన్న మాట, అమ్మ ప్రార్థన
మాది కోరుట్ల. అమ్మ ఆదివారం చర్చి మానని మనిషి, నాన్న నాస్తికుడు. దేవుడు ఉన్నాడా లేడా అని టీ తాగుతూ రోజూ వాదించుకునేవారు.

నిరుడు నాన్న చనిపోయారు. తన శరీరాన్ని మెడికల్ కాలేజీకి ఇవ్వాలన్నది ఆయన కోరిక. తీరా అంబులెన్సు వచ్చాక మేనమామ వాకిట్లో అడ్డంగా నిలబడ్డాడు.

"ప్రార్థన లేకుంట ఎట్ల పంపుతం? సమాధి చెయ్యాలె!" అన్నాడు. చుట్టాలంతా అవునన్నారు.

అమ్మ లేచి మామ చెయ్యి పట్టుకుంది.

"అన్నా, ఆయన లోపలికి రాకున్నా వారం వారం నన్ను చర్చి కాడ దించిండు. పోవద్దని ఒక్కనాడు అనలే. ఇయ్యాల ఆయన మాట నేనెట్ల కాదంట? ప్రార్థన నేను ఇంట్ల చేసుకుంట."

మామ ఏడుస్తూ తనే స్ట్రెచర్ పట్టాడు.

ఆ సాయంత్రం అమ్మ ప్రార్థన చేస్తుంటే, నాన్నలాగే నమ్మకం లేని నేను పక్కన కూర్చున్నాను. కళ్లు మూసుకోమని అమ్మ నన్ను అడగలేదు.