రెండో సబ్‌వూఫర్, అటక మీద కాయలు

గల్ఫ్ నుంచి వచ్చేసేటప్పుడు అందరూ బంగారం తెచ్చుకుంటారు. నేను సబ్‌వూఫర్ తెచ్చుకున్నాను. చెక్కపెట్టెలో పెద్ద స్పీకరు. పాటలో బేస్ మోగించడమే దాని పని. అమలాపురం దగ్గర ఈ పెంకుటిల్లు మా ఆవిడ పుట్టిల్లు. ఇల్లరికపు అల్లుణ్ణైనా హాలు మాత్రం నాదేనని ప్రకటించేశాను.

తీరా పెడితే, నా కుర్చీలో గుండె అదిరిపోతోంది, అవతలి మూల మావయ్యగారి మంచం దగ్గర ఏమీ లేదు. బేస్ గోడలకు తగిలి తిరిగొచ్చి కొన్నిచోట్ల తనను తానే మింగేస్తుందట. ఎదురు గోడ దగ్గర ఇంకోటి పెడితే సర్దుకుంటుందట.

"ఒకటి చాల్లేదా?" అంది మా ఆవిడ.

"మీ నాన్నగారి కోసమే" అన్నాను. పచ్చి అబద్ధం. నాకే కావాలి.

మావయ్యగారిది కురిడీ వ్యాపారం. కొబ్బరికాయల్ని నెలల తరబడి అటక మీద ఉంచితే నీరింకి, కొబ్బరి చిప్పను వదిలేసి గుండులా దొర్లుతుంది. అదే కురిడీ. కాయని చెవి దగ్గర ఊపి, అయిందో లేదో చెప్పడంలో ఆయన మాటకు తిరుగులేదు. చెవులు మందగించాక, కిందటేడు ఆయన "అయ్యిందండీ" అన్న కాయని వర్తకుడు పగలగొడితే, కొబ్బరి ఇంకా చిప్పకే అతుక్కుని ఉంది. నలుగురిలో ఆయనకి తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచి ఆయన కాయ ముట్టలేదు.

"నా చెవి పోయిందండీ అల్లుడు గారూ, ఇంక మీరే చూసుకోండి" అన్నారు. నేను చూడడమేమిటి! నా మొహానికి అన్ని కాయలూ ఒకటే.

రెండో పెట్టె వచ్చింది. దానికి చోటు వెతకడానికో చిట్కా ఉంది. పెట్టెని మనిషి కూర్చునేచోట పెట్టి, మనిషి నేలమీద పాకుతూ వినాలి. పెట్టెని మావయ్యగారి మంచమెక్కించి, లుంగీ ఎగ్గట్టి పాకుతున్నాను. మావయ్యగారి కోసం ప్రార్థన చేయడానికొచ్చిన పాస్టరు గారు గుమ్మంలో ఆగిపోయారు.

"ఏం పారేసుకున్నారండీ?"

"బుద్ధండీ" అంది మా ఆవిడ.

ఆ సాయంత్రం కొత్త పెట్టెని ఎదురు గోడ దగ్గర దొరికిన చోట పెట్టి, రెండూ కలిపి మోగించాను. మావయ్యగారు పడుకున్న మనిషల్లా లేచి కూర్చున్నారు. మంచం పట్టె మీద అరచెయ్యి ఆన్చి, "చేతికి తెలుస్తందండీ!" అని తాళం వేశారు. ఇంతలో ఎక్కడో లొడలొడ. కొత్త పెట్టెలో ఏదో ఊడిందని నా పైప్రాణాలు పైనే పోయాయి. విప్పాను, బిగించాను, మళ్ళీ విప్పాను. సంగతేమిటో మా ఆవిడ ఆయన చెవిలో అరిచి చెప్పింది. ఆయన లేచి వెళ్ళి, మళ్ళీ పాట పెట్టమని, అటక నిచ్చెన మీద చెయ్యి పెట్టారు.

"పెట్టెకేం కాలేదండీ. అటక మీద కాయల్లో గుండ్లు ఆడతన్నాయండీ. ఓ కాయ దింపండి."

దింపిచ్చాను. అలవాటుగా చెవిదాకా తీసుకెళ్ళి, ఆగారు. కిందికి దించి, రెండు అరచేతుల మధ్య పట్టుకుని, కళ్ళు మూసుకుని ఊపారు.

"ఆయ్. కురిడీయేనండీ. వర్తకుణ్ణి రమ్మనండి."

రెండ్రోజులకి ఆ వర్తకుడే వచ్చాడు. కిందటేటి సంగతి అతను మరవలేదు, నేనూ మరవలేదు. ఈసారీ తప్పితే ఈ పెద్దాయన మళ్ళీ మంచం దిగరని నాకు ఒకటే భయం. మావయ్యగారు ఊపిచ్చిన కాయని అతను కొట్టాడు. గుండు చెక్కుచెదరకుండా చేతిలోకి దొర్లింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మావయ్యగారు దానివైపు చూడనేలేదు. ఇంకో కాయ తీసి ఊపి, "ఇది పది రోజులాగాలండీ" అని పక్కన పెట్టారు.