రెండో తుమ్ము

మా చిన్నప్పుడు... ఎవరైనా బయటికి బయలుదేరే వేళ ఇంట్లో ఒక్క తుమ్ము వినిపించిందంటే, ఆ మనిషి ఆగిపోవాల్సిందే. చెప్పులు విప్పి, లోపలికొచ్చి కూర్చుని, గ్లాసెడు మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరాలి. పెద్ద పని మీద వెళ్తుంటే నీళ్లు కూడా చాలవు, తుమ్మినవాళ్లే ఇంకోసారి తుమ్మాలి. రెండు తుమ్ములైతే శుభం... ఇక ఏ అడ్డూ లేదు.

అందరిళ్లలోనూ ఉన్నదే కదా అంటారేమో. కానీ మాది కారం పట్టే గిర్ని. వరంగల్ మార్కెట్ దగ్గర, ముందు గదిలో గిర్ని, వెనక గదుల్లో మేము. ఎండాకాలం వస్తే చుట్టుపక్కల ఆడవాళ్లంతా ఏడాదికి సరిపడా ఎండుమిరపకాయలు సంచుల్లో తెచ్చి, ముక్కుకు కొంగు చుట్టుకుని వరసలో నిలబడేవారు. పొద్దున మోటార్ వేసింది మొదలు సాయంత్రం దాకా ఒకటే తుమ్ములు. ఆ లెక్కన వేసవి అయిపోయేదాకా మేమెవరం ఇల్లు కదలకూడదు.

అందుకని మా నానమ్మ ఒక చట్టం చేసింది. గిర్నికీ ఇంటికీ మధ్యనున్న గడప సరిహద్దు. "అవుతల తుమ్మితే మిరపకాయ తుమ్ము. ఇవుతల తుమ్మితే దేవుని తుమ్ము" అనేది. మిరపకాయ తుమ్ము లెక్కలోకి రాదు. దేవుడి తుమ్ముకు అప్పీలు లేదు. కారానికి ఆ హద్దు తెలుస్తుందా అని మా నాన్న అడిగితే, "నాకు తెలుసు గద" అని తేల్చేసేది.

ఆవిడ తుమ్మితే మాత్రం అది తుమ్మే... పెరట్లో పడుకున్న పిల్లి లేచి గోడెక్కేది. తుమ్మిన వెంటనే కళ్లు మూసుకుని "రామ రామ" అనుకునేది. ఒక్కసారి కూడా మరిచిపోగా నేను చూడలేదు.

నాకు పదేళ్లప్పుడు అక్కకు హైదరాబాద్‌లో నర్సింగ్ సీటుకు ఇంటర్వ్యూ వచ్చింది. అంతకుముందు ఏడాది కూడా వెళ్లింది గానీ సీటు రాలేదు. ఆ రోజు ఎవరో తుమ్మినా ఆగకుండా పోయిందని నానమ్మ ఏడాదంతా దెప్పుతూనే ఉంది. ఈసారి కూడా రాకపోతే వయసు దాటిపోతుంది... అక్కకు అదే ఆఖరి అవకాశం.

ఆ పొద్దున నాన్న వాకిట్లో స్కూటర్ స్టార్ట్ చేశాడు. కాజీపేటలో రైలెక్కాలి. అక్క నానమ్మ కాళ్లకు మొక్కి, ఫైలు చంకన పెట్టుకుని, చెప్పులేసుకుంది.

అప్పుడు నేను తుమ్మాను. ఒక్కటే... అదీ గడపకు ఇవతల.

"కూసో బిడ్డా," అంది నానమ్మ అక్కతో. "చెల్లె ఇంకోటి తుమ్మాలె."

"రైలు పోతది నానమ్మా."

"పోయినేడు గిట్లనే ఉరికితివి. ఏమైంది?"

అక్క చెప్పులు విప్పింది. వచ్చి కూర్చుంది.

ఇక అందరూ నా ముక్కు మీద పడ్డారు. అమ్మ కొంగు చివర పేని ముక్కులో తిప్పింది. నేనే గిర్నిలోకి పరుగెత్తి, చిటికెడు కారం తెచ్చి వాసన చూశాను. పుట్టినప్పటి నుంచీ కారంలో పెరిగిన ముక్కాయె... కళ్లల్లో నీళ్లొచ్చాయి గానీ తుమ్ము రాలేదు.

"వస్తలేదు నానమ్మా," అని ఏడ్చేశాను. అక్క చదువు నా మూలాన పోతోందని నిజంగానే అనుకున్నాను.

బయట నాన్న హారన్ కొట్టాడు. "అమ్మా, టైమైతాంది. ఇప్పుడు ఎల్లకపోతే ఇగ రైలు దొరకదు."

పోయినేడాది సంగతి గుర్తొచ్చి అక్క లేవలేదు. ఒళ్లో ఫైలు పెట్టుకుని, దాని దారం ముడి విప్పుతూ, మళ్లీ కడుతూ కూర్చుంది. నానమ్మ ఆ వేళ్లవైపు కాసేపు చూసింది. తర్వాత నావైపు చూసింది. కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"హచ్చి."

సన్నగా, మర్యాదగా... పెళ్లిచూపుల్లో పిల్ల తుమ్మినట్టు.

"రెండైనయ్. లే బిడ్డా, పో."

"వేరే వాళ్లు తుమ్మితే చెల్లదంటివి గద నానమ్మా," అన్నాను. చట్టం నాకు కంఠతా వచ్చు మరి.

"నీ ముక్కు అచ్చం నా ముక్కే. చెల్లుతది," అంది.

అక్క పరుగున వెళ్లి స్కూటర్ ఎక్కింది. పెరట్లో పిల్లి కళ్లు కూడా తెరవలేదు. నానమ్మ రామ రామ అనలేదు.

కదలబోతున్న రైలు ఎక్కించానని నాన్న తిరిగొచ్చి చెప్పాడు. సీటు వచ్చింది. "సూస్తిరా, రెండో తుమ్ము ఎంత మంచిదో" అని నానమ్మ వాడంతా చెప్పుకుంది. అక్క ఇప్పుడు హనుమకొండలో ఒక దవాఖానలో పెద్ద నర్సు.

నానమ్మ ఆ రోజు దేవుడి పేరు ఎందుకు తలుచుకోలేదో పెద్దయ్యాక గానీ నాకు తట్టలేదు. చేసింది దొంగపని... అందులోకి రాముణ్ని లాగడం ఇష్టం లేకపోయింది. దేవుడంటే అంత భయమున్న మనిషి, మనవరాలి కోసం ఆయన కళ్లే కప్పింది. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఇప్పుడా గిర్ని లేదు. అక్కడ సెల్‌ఫోన్ల షాపుంది. కారం ప్యాకెట్లలో వస్తోంది. కరోనా తర్వాత ఎవరైనా తుమ్మితే నాలుగడుగులు వెనక్కి జరుగుతున్నాం గానీ, కూర్చో, నీళ్లు తాగు అనేవాళ్లు లేరు.

మొన్న మా అమ్మాయి మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూకి బయలుదేరుతుంటే మా ఆయన తుమ్మారు. ఒక్కటే. అమ్మాయి ఫోన్లో ఆటో ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుంటోంది, ఆ తుమ్ము విననే లేదు. ఇలాంటివన్నీ ఉత్తవని పదిమందికీ చెప్పే నేను... కొంగు అడ్డం పెట్టుకుని "హచ్చి" అన్నాను.

రామ రామ మాత్రం అనలేదు.

మీ కోసం ఇలా దొంగ తుమ్ము తుమ్మినవాళ్లు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు... వాళ్లు మీకు ఏమవుతారో కింద రాయండి.