ఎడమ పక్క గోడ

అంగళ్ల వరసలో మెట్ల కింద ఒక గాజు పెట్టె ఉండేది. దాని వెనక ఎత్తు స్టూలు మీద కూర్చుని వాచీలు బాగుచేసే మనిషిని అందరూ వాచీలక్క అనేవాళ్లు. ఆమెను పేరు పెట్టి పిలిచేవాడు వాళ్ల నాన్న ఒక్కడే. ఆయన పోయాక ఆ పేరుకు పని లేకుండా పోయింది.

వాచీలక్క కోపం కూడా ఆమె పనిలాంటిదే, నిదానంగా సాగేది. తుమ్ము వచ్చేలా ఉంటే ముందు పట్టకారు కింద పెట్టి, కంటికి బిగించిన భూతద్దం తీసి, తల బల్ల మీంచి పక్కకు తిప్పి, అప్పుడు తుమ్మేది. ఈలోపు తుమ్ము కూడా ఆమెకు భయపడి ఆగేది. అలాంటి మనిషి తమ్ముడి మీద కోపాన్ని రెండేళ్లు దాచిందంటే, ఎంత పద్ధతిగా దాచి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆ రెండేళ్లలో అక్కాతమ్ముళ్లు ఒక్క మాట మాట్లాడుకోలేదు. కానీ రోజూ ఆట ఆడుకున్నారు.

ఆట ఫోన్లో. నదులు, అడవులు, చిత్తడి నేలలు ఉన్న పెద్ద పటం, చెరి పదిహేను కోటలు. ఒకరు ఎత్తు వేశాక రెండోవాళ్లకు నలభై ఎనిమిది గంటల గడువు. ఆ లోపు ఆడకపోతే వంతు పోయి అవతలివాళ్లకే మళ్లీ వస్తుంది. వరసగా మూడు వంతులు పోగొట్టుకున్నవాడి రాజధాని తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. రాజధాని పడిపోతే ఆట అయిపోయినట్టే. తమ్ముడు ఊరికి ఆ చివర లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పొద్దున పదీ నలభైకి, టీ తాగే వేళకి ఆడేవాడు. వాచీలక్క మధ్యాహ్నం అన్నం డబ్బా కడుక్కుని, చేతులు తుడుచుకుని ఆడేది.

ఎదురుగా తాళాలు చేసే పెద్దాయన దుకాణం. మారుతాళంచెవి కోసం వచ్చినవాడి ఇంటి సంగతులన్నీ తాళంచెవి అరగదీసేలోపే రాబట్టగలిగినవాడు.

"ఏమ్మా, ఇవాళ ఎన్ని తలలు తెగాయి?" అని అడిగేవాడు రోజూ.

"ఇంకా కత్తి నూరుతున్నాను బాబాయ్."

"ఏడాది బట్టి నూరుతున్నావు. అరిగిపోయి పిడి మిగులుతుంది చూసుకో."

ఆ కోపం కథ ఇది. వాళ్ల నాన్న కూడా వాచీ మెకానిక్కే. పిల్లలిద్దరూ ఆయన పని బల్ల చివరన కూర్చుని ఆడుకుంటూ పెరిగారు. అట్టముక్క మీద గళ్లు గీసి ఇచ్చేవాడు, పాడైన గడియారాల చక్రాలు పావులు. తమ్ముడి చోటు గోడ పక్క. అతని ఎడమ మోచెయ్యి ఎప్పుడూ గోడకు ఆనుకుని, సున్నం అంటుకుని తెల్లగా ఉండేది.

ఆటకు నాన్న పెట్టిన నియమం ఒకటే. అవతలి మనిషి లేచి వెళ్తే, తిరిగి వచ్చి కూర్చునేదాకా చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. ఒకసారి ఆమె మంచినీళ్లకని వెళ్లినప్పుడు తమ్ముడు పావు జరిపాడు. "అక్క లేదుగా" అన్నాడు అడిగితే. నాన్న తిట్టలేదు, కొట్టలేదు. అట్ట ఎత్తి చక్రాలన్నీ డబ్బాలో పోసేసి, "మనిషి లేనప్పుడు గెలిచావంటే కుర్చీని గెలిచావురా" అన్నాడు. వారం రోజులు ఆట లేదు.

చదువు అయ్యాక తమ్ముడు లిఫ్టుల వైపు వెళ్లాడు. ఆమె మెట్ల కింద దుకాణం పెట్టుకున్నా, సాయంత్రాలు నాన్న గదిలోని ఆ బల్ల వదల్లేదు. నాన్న కళ్లు మందగించాక ఆయన చెబుతుంటే ఆమె చేసేది, ఆఖరి రోజుల్లో ఆమె చేస్తుంటే ఆయన వినేవాడు. చెవితోనే పట్టేసి చెప్పేవాడు, "మూడో చక్రానికి ఇంకో చుక్క నూనె" అని. ఆ బల్లకు ఏడు సొరుగులు. వాటిలో నలభై రెండు చిన్న డబ్బాలు, ఒక్కోదాని మూత మీద ఆయన చేతిరాతతో అంకె. ఇప్పుడెవరూ తయారుచేయని వాచీల మరలు, స్ప్రింగులు, ముళ్లు.

ఆయన పోయిన నెలలో ఆమె రెండు రోజులు పొరుగూరు వెళ్లింది. అక్కడి బడి గోడ గడియారాన్ని బాగుచేస్తానని నాన్న మాటిచ్చి ఉన్నాడు, ఆ మాట మిగిలిపోయింది. గడియారం గంట కొట్టడం విని, సంతోషంగా తిరిగి వచ్చింది. వచ్చేసరికి నాన్న అద్దె గది ఊడ్చి కడిగి ఉంది. బల్ల లేదు. నేల మీద బల్లంత మేర లేత రంగు మచ్చ, మూలల్లో నాలుగు కాళ్ల గుర్తులు. తమ్ముడు మొత్తం పాత సామాన్ల బండికి ఎత్తించేశాడు.

"గది ఖాళీ చెయ్యాలి కదక్కా. నువ్వు లేవుగా" అన్నాడు.

గది ఖాళీ చెయ్యడానికి ఇంకా తొమ్మిది రోజుల గడువుంది. ఆమె బండివాడి కోసం మూడు రోజులు తిరిగింది. బల్ల అప్పటికే చెక్కలుగా విడిపోయింది, డబ్బాలు ఇనుము కరిగించేచోటికి వెళ్లిపోయాయి. ఆమె తమ్ముడితో ఇంకేమీ అనలేదు. ఎత్తులు పైకి చెబుతుంటే నాన్నకు కాలక్షేపంగా ఉంటుందని తమ్ముడే మొదలుపెట్టిన ఫోన్ ఆట మధ్యలో ఉంది. ఆ రోజు వంతు ఆమెది. ఒక ఎత్తు వేసి ఫోన్ పక్కన పెట్టింది.

అప్పటినుంచి ఆమెకు కావలసింది ఒకటే. తమ్ముడు కళ్లారా చూస్తుండగా అతని రాజధాని తీసుకోవాలి. ఎందుకు తీసుకుంటోందో అతనికి తెలిసి తీరాలి.

దారి ఆమెకు మొదటి నెలలోనే దొరికింది. ఇన్నేళ్ల తర్వాత, అరచేతిలో ఫోన్ పెట్టుకుని ఆడుతున్నా, తమ్ముడు ఎడమ పక్కన గోడ ఉన్నట్టే ఆడేవాడు. కాపలా అంతా కుడివైపు. ఎడమన చిత్తడి నేల, దాని వెనక అడవి. అటు ఒక్క వేగుల వాణ్ణి కూడా పంపేవాడు కాదు. అడవిలో ఉన్న సైన్యం వేగు వెళ్తే తప్ప అవతలివాళ్లకు కనిపించదు. ఆమె రెండు నెలలకు ఒక్క దళం చొప్పున అడవిలోకి చేర్చింది. పైకి మాత్రం కుడివైపు చిన్నచిన్న కోటలు పోగొట్టుకుంటూ కూర్చుంది. కోట గెలిచినప్పుడల్లా తమ్ముడు ఆటలో ఉన్న 'బాగా ఆడారు' అనే మీట నొక్కేవాడు. అది చూసినప్పుడల్లా ఆమె ఇంకో దళాన్ని చేర్చేది.

పదకొండో దళం అడవిలోకి చేరిన రోజు మధ్యాహ్నం, "అయింది బాబాయ్, నూరడం" అంది.

మర్నాడు పదీ నలభై దాటింది. ఫోన్ పలకలేదు. ఆ మర్నాడూ అంతే. నలభై ఎనిమిది గంటలు గడిచి వంతు ఆమెకే వచ్చింది.

"పారిపోయాడు" అంది వాచీలక్క. "ఓడిపోయే వాసన తగిలితే లేచిపోవడం వాడికి చిన్నప్పటినుంచీ ఉంది."

వంతు రాగానే కదలకుండా ఊరుకోవడానికి 'ఆగు' అనే మీట ఉంది. అది నొక్కింది. ఇంకో రెండు రోజులు గడిచాయి. మళ్లీ 'ఆగు'. ఆరో రోజుకు మూడో వంతూ పోయి, తమ్ముడి రాజధాని తలుపులు బార్లా తెరుచుకున్నాయి. అడవిలోంచి బయటికి వచ్చి నడుచుకుంటూ లోపలికి వెళ్తే చాలు.

తాళాలాయన గాజు పెట్టె మీదుగా తొంగిచూశాడు. "తలుపులు తీసి పెట్టాడు కదమ్మా. ఇంకేం, వెళ్లు. నా బతుకంతా మూసిన తలుపులతోనే సరిపోయింది. తెరిచిన తలుపు చూసి ఆగేవాళ్లను నేనెక్కడా చూళ్లేదు."

ఆమె వేలు రాజధాని మీద చాలాసేపు ఆడింది. తర్వాత 'ఆగు' నొక్కింది.

"పోనీలే, మనసు కరిగింది" అన్నాడాయన.

"కరగలేదు బాబాయ్. వాడు చేసిన పని నేను చేస్తే, ఇక వాణ్ణి అడగడానికి నాకేం మిగులుతుంది? రానీ. వచ్చి కూర్చోనీ."

మరుసటి రోజు మరదలి దగ్గరనుంచి ఫోన్ వచ్చింది. లిఫ్టు గుంతలో నిచ్చెన జారి పడ్డాడట. తొడ ఎముక విరిగింది, ఆపరేషన్ చేశారు.

"మీకు చెప్పొద్దన్నారు వదినా. నేనే ఉండబట్టలేక చేశాను."

వాచీలక్క పట్టకారు కింద పెట్టింది. "ప్రాణానికి భయం లేదుగా?"

"లేదు వదినా. కాలొక్కటే."

"చేతులు?"

"చేతులకేం, బాగానే ఉన్నాయి."

"అయితే ఆడతాడు" అని పెట్టేసింది. ఆ తర్వాత ఒక వాచీ మూత బిగించడానికి మూడుసార్లు ప్రయత్నించి, ఇవాళ్టికి చాలని లేచిపోయింది. పన్నెండేళ్లలో ఆమె పని మధ్యలో లేచిపోవడం తాళాలాయన చూడటం అదే మొదలు. ఆయన నోరు తెరవకుండా ఉండటం కూడా బహుశా అదే మొదటిసారి.

ఎనిమిదో రోజు, పదీ నలభైకి ఫోన్ పలికింది. మీట కాదు, ఈసారి తమ్ముడు సొంతంగా రాశాడు.

"అక్కా, నా తలుపులు రెండు రోజులుగా తెరిచి ఉన్నాయి. ఎందుకు రాలేదు?"

ఆమె తిరిగి రాసింది. "కుర్చీలో నువ్వు లేవు."

గంటలో అతని ఎత్తు వచ్చింది. దాంతో తలుపులు మళ్లీ మూసుకున్నాయి. కుడివైపు ఇంకో రెండు దళాల కాపలా పెట్టాడు. ఎడమన ఎవరూ లేరు.

మర్నాడు ఆమె సైన్యం అడవిలోంచి చిత్తడి నేల మీదికి వచ్చింది, పదకొండు దళాలూ ఒక్కసారిగా. తమ్ముడు దొరికిన దళాన్నల్లా ఇటు పరుగెత్తించాడు. చాలా దూరం నుంచి రావాలి. రెండో రోజు గోడ పగిలింది. మూడో రోజు పొద్దున ఎత్తుకు బదులు మాట వచ్చింది.

"ఇది బల్ల గురించేనా?"

"నీ వంతు" అని రాసింది ఆమె.

అరగంట తర్వాత వచ్చింది జవాబు, ముక్కలుముక్కలుగా.

"అప్పటికి ఇంకా తొమ్మిది రోజులుంది. నాకు తెలుసు."

"గదిలోకి వెళ్తే బల్ల ఉంటుంది, ఆయన ఉండడు. నా వల్ల కాలేదు."

"నువ్వుంటే తియ్యనివ్వవు. అందుకే నువ్వు లేనప్పుడు తీశాను. తప్పే అక్కా."

దాని కిందే అతని ఎత్తు. మిగిలిన ఒక్క దళాన్నీ రాజధాని ఎడమ తలుపుకు అడ్డంగా నిలబెట్టాడు.

ఆమె రెండుసార్లు చదివి, ఫోన్ తాళాలాయన చేతికిచ్చింది. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని చదివి తిరిగి ఇచ్చాడు.

"ఒప్పుకున్నాడుగా తల్లీ. ఇక వదిలెయ్యరాదూ?"

"ఒప్పుకున్నాడు. ఇటే చూస్తూ కూర్చున్నాడు. ఇన్నాళ్లూ ఆగింది దీనికే కదా బాబాయ్" అంటూ నొక్కింది.

రాజధాని పడిపోయింది. తెర మీద జెండాలు ఎగిరాయి, బూరలు మోగాయి. వాచీలక్క పెదవులు బిగించుకుని కూర్చుంది కానీ సంతోషం లోపలి నుంచి పైకి వస్తూనే ఉంది, కీ ఇచ్చిన స్ప్రింగులా. ఆ సాయంత్రం దుకాణం మూసేటప్పుడు ఎవరూ అడక్కుండానే తాళాలాయనకు టీ చెప్పింది.

మర్నాడు పొద్దున అలవాటుగా ఫోన్ తెరిచింది. అయిపోయిన ఆటను పటంతో సహా తీసేశారు. రోజూ పటం ఉండేచోట లేత రంగు చదరం ఒకటి మిగిలింది. ఆమె దాన్ని చూస్తూ ఉండగానే, పదీ నలభైకి, ఫోన్ మోగింది. ఆట కాదు, తమ్ముడే మాట్లాడటానికి చేశాడు, రెండేళ్ల తర్వాత.

ఆమె భూతద్దం కంటికి బిగించుకుని పనిలో పడింది. ఫోన్ మోగి మోగి ఆగింది.

"ఎత్తమ్మా" అన్నాడు ఎదుటి నుంచి తాళాలాయన. "మంచాన ఉన్నవాడు, పాపం."

"వాడి వంతు అయింది బాబాయ్. ఇక నాది. నలభై ఎనిమిది గంటలుంది."

వాటిలో నలభై ఏడు వాడుకుంది. మూడో రోజు పొద్దున తొమ్మిదీ నలభైకి, గాజు పెట్టె తుడిచి, స్టూలు మీద సర్దుకుని కూర్చుని, తనే చేసింది.

"కుర్చీలో ఉన్నావా?"

"ఉన్నానక్కా. కాలికి ఇంకో కుర్చీ వేశారు."

"లేవకు. నలభై రెండు డబ్బాలు. నువ్వు బండెక్కించినవి. ఏ డబ్బాలో ఏముందో చెబుతాను, విను."

"వింటానక్కా."

"ఒకటి. ఆడవాళ్ల వాచీల స్ప్రింగులు, నీలం రంగువి. రెండు. జేబు గడియారాల ముళ్లు, చిన్నముల్లు వేరే కాగితంలో చుట్టి ఉండేది. మూడు."

వాచీ తీసుకోవడానికి వచ్చిన ఒకాయనను ఆమె చేత్తోనే ఆగమంది. ఆయన కాసేపు నిలబడి, తాళాలాయన బల్ల మీద కూర్చున్నాడు. తమ్ముడు ఊ కొడుతున్నాడు. ఒక్కో అంకెకు ఒక్క ఊ. ఆమె ఒక్కటి కూడా తేలిగ్గా దాటెయ్యలేదు, ఏ మర ఎంత తుప్పు పట్టి ఉండేదో అది కూడా చెప్పింది.

పదిహేడు దగ్గర ఆగింది. గుర్తు రాలేదు. కళ్లు మూసుకుని మనసులోనే సొరుగు లాగి చూసింది, మూత మీద అంకె కనిపించింది, మూత మాత్రం తెరుచుకోలేదు.

"పళ్లు అరిగిన చక్రాలక్కా" అన్నాడు తమ్ముడు. "మనకు పావులకిచ్చేవాడుగా, ఆ డబ్బా."

వాచీలక్క భూతద్దం తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"నీ వంతు కాదు" అంది. "పద్దెనిమిది."