చార్టమ్మ ఇంటి డ్యూటీ

బస్సు డిపోలో ఆమెను అందరూ చార్టమ్మ అంటారు. ఏ డ్రైవరు ఏ బస్సు తోలాలో, ఎన్నింటికి బయల్దేరాలో ముందురోజే నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసేది ఆవిడే. పంతొమ్మిదేళ్లుగా రాస్తోంది. "మా బావమరిదికి ఆపరేషను, రేపటి డ్యూటీ మార్చమ్మా" అని మీసాల డ్రైవరు కాళ్లావేళ్లా పడినా కరగలేదు. "కత్తి పట్టేది నువ్వా, డాక్టరా?" అని పంపించేసింది. సుద్దముక్క ఇంకొకరి చేతికిస్తే డిపో మునిగిపోతుందని ఆవిడ గట్టి నమ్మకం.

పెళ్లి చేసుకోలేదు. అడిగినవాళ్లకు తీరిక లేదని చెప్పేది. అలాంటి మనిషి నలభై ఆరో ఏట ఫోస్టర్ తల్లిగా ఉంటానని, అంటే కన్నవాళ్లు చూసుకోలేని బిడ్డను తన ఇంట్లో పెట్టుకుని పెంచుతానని దరఖాస్తు పెట్టిందంటే డిపో అంతా ముక్కున వేలేసుకుంది. ఆర్నెల్లకు శిశు సంక్షేమ ఆఫీసరమ్మ ఒక ఏడేళ్ల పిల్లను తీసుకొచ్చింది. అప్పటికే ఆ పిల్ల రెండిళ్లు మారింది. 'అత్తా' అని పిలవమంటే రెండు వారాలు ఏమీ పిలవలేదు. తర్వాత ఒకరోజు స్నానాల గదిలోంచి "అత్తా, సబ్బు కళ్లల్లో పడింది!" అని అరిచింది. ఆ సంతోషం పట్టలేక చార్టమ్మ మర్నాడు డిపోలో ఎదురైన ప్రతివాడికీ సబ్బు సంగతి చెప్పింది.

వంటింటి గోడకూ ఒక చార్టు అంటించింది. ఆరింటికి లేవడం, ఎనిమిదింటికి బడి, మూడున్నరకు బడి గేటు దగ్గర తను. డిపో నుంచి పదకొండు నిమిషాల దారి. లెక్క బాగానే ఉంది. కానీ ఎవరైనా డుమ్మా కొడితే పనికొస్తాడని రోజూ ఒక స్పేర్ డ్రైవరును కూర్చోబెట్టే మనిషి, తనకు మాత్రం స్పేర్ పెట్టుకోవడం మరిచిపోయింది.

మొదటిసారి ఇద్దరు డ్రైవర్లు రాలేదు. బల్ల చెరిపి మళ్లీ రాసేసరికి నాలుగు దాటింది. రెండోసారి బస్సు చెడిపోయింది. రెండుసార్లూ బడివాళ్లు ఆఫీసరమ్మకు ఫోన్ చేశారు. ఆవిడ ఇంటికొచ్చి మెత్తగానే చెప్పింది.

"మీరు మంచివారే. కానీ ఇది ఎదురుచూసి ఎదురుచూసి అలిసిపోయిన పిల్ల. మూడోసారి ఇలాగే జరిగితే వేరే ఇల్లు చూడక తప్పదు."

పిల్ల పక్క గదిలో లెక్కలు చేసుకుంటోందని ఇద్దరూ అనుకున్నారు.

రెండు వారాలు తిరక్కుండానే, మధ్యాహ్నం మూడింటికి ఒక డ్రైవరుకు జ్వరమనీ, ఇంకో బస్సు దారిలో ఆగిపోయిందనీ ఒకేసారి కబురొచ్చింది. చార్టమ్మ సగం బల్ల చెరిపి గడియారం చూసింది. మూడూ పదిహేను. బెంచీ మీద మీసాల డ్రైవరు టీ తాగుతున్నాడు.

"అన్నా," అంది. పంతొమ్మిదేళ్లలో ఆవిడ ఎవర్నీ ఏదీ అడిగింది లేదు. "మిగతాది నువ్వు రాస్తావా?"

"నేనా? నా రాత కోడి కెలికినట్టుంటుంది."

"ఉంటే ఉండనీ. నేను పోవాలి. పోకపోతే పిల్లను తీసుకెళ్లిపోతారు."

అతను గ్లాసు పక్కన పెట్టి సుద్దముక్క అందుకున్నాడు. "ఇంకా నిలబడ్డావేం, నడువమ్మా! మునిగితే అందరం కలిసే మునుగుదాం."

బడి గేటు తీసేవేళకు ఆవిడ రొప్పుతూ అక్కడ నిలబడి ఉంది. పిల్ల అందరికన్నా వెనక, బ్యాగు బరువుకు ఒక పక్కకు ఒరిగి నడుస్తూ వచ్చింది. ఆవిడను చూసి టక్కున ఆగిపోయింది.

"ఏంటే ఇంత లావుంది? ఇలా ఇవ్వు" అని చార్టమ్మ బ్యాగు అందుకుంది. జిప్పు సగమే పడింది. లోపల పుస్తకం ఒక్కటీ లేదు. నాలుగు గౌన్లు, స్వెట్టరు, చెప్పుల జత, కాగితంలో చుట్టిన టూత్‌బ్రష్ ఉన్నాయి.

"ఇవన్నీ ఎందుకు తెచ్చావ్?"

"మూడోసారి ఎప్పుడో తెలీదు కదా. అందుకే రోజూ తెస్తున్నా. ఇంటికెళ్లాక మళ్లీ బీరువాలో పెట్టేస్తున్నా. పుస్తకాలు పట్టట్లేదు. టీచర్ తిడుతోంది."

చార్టమ్మ అక్కడే గోడవారగా కూలబడి, వచ్చేపోయేవాళ్లు చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చేసింది. పిల్ల పక్కనే నిలబడి, ఏడుపు తగ్గేదాకా ఆగి, భుజం మీద వేలితో తట్టింది.

"అత్తా, రేపు పుస్తకాలు తెచ్చుకోనా?"